మాత్ర మింగిన పిదప: ఒక పాఠములోని వెలితి

ఇందల్వాయి నిజామాబాదు జిల్లాలో 44వ జాతీయ రహదారి మీది ఊరు. 2016లో మండల కేంద్రమైనది. ఈ ప్రాంతమున బీడీలు చుట్టి సంసారమునకు ఆసరాయగు స్త్రీలు పెక్కుమంది కలరు. అట్టి ఇంట ఒక బాలిక వైద్య విద్యా ప్రవేశ పరీక్షకు చదువుచున్నదనియు, ఆమె వదిన ప్రభుత్వము ఉచితముగా నిచ్చు ‘మాలా-ఎన్’ మాత్రలు వాడుచున్నదనియు ఊహింపవచ్చును. బాలిక చేతిలో ఎన్.సి.ఇ.ఆర్.టి. వారి పన్నెండవ తరగతి జీవశాస్త్ర గ్రంథము కలదు. అందు ‘ప్రత్యుత్పత్తి ఆరోగ్యము’ అను పాఠము గర్భనిరోధక మాత్రలను గురించి ఒక నియమము చెప్పుచున్నది: మాత్రలు 21 దినములు వరుసగా వేసికొనవలెను, పిమ్మట 7 దినములు విరామము, ఆ విరామములో ఋతుస్రావము, తరువాత మరల మొదటి క్రమము.

వదిన చేతిలోని అట్టలో 21 మాత్రలు లేవు, 28 కలవు. ఇంటిలో చదువుకొన్న పిల్ల ఆడపడుచే గనుక, ఆమె మాట ప్రకారము అట్ట మొత్తము పూర్తిచేసి, ఆ మీద 7 దినములు విరామమిచ్చినచో ఏమగును? అట్టలోని 28 మాత్రలలో మొదటి 21 మాత్రమే హార్మోను మాత్రలు. రంగు వేరైన చివరి ఏడును ఇనుము మాత్రలు. అవి రక్తహీనతకు మందు, గర్భనిరోధమునకు కాదు. కావున ఆ ఇల్లాలి శరీరము 7 దినములు కాదు, 14 దినములు హార్మోను లేక గడుపును. ఆ నెలలో గర్భము వచ్చినచో ఎవ్వరును ఆశ్చర్యపడ నక్కరలేదు. కాని అందరును ఆశ్చర్యపడుదురు. “మాత్ర మరచియుందువు” అని ఆమెనే నిందింతురు.

ఇందు పాఠము అబద్ధమాడలేదు. 21 మాత్రల అట్టకు ఆ నియమము సరియైనదే. అట్టయు అబద్ధమాడలేదు; దినము తప్పక వేసికొనుట అలవాటగుటకే 28 మాత్రలు పెట్టిరి. రెండు సత్యముల నడుమ ఒక స్త్రీ మోసపోయినది. ఆ రెంటిని కలుపగలిగినది కారణ జ్ఞాన మొక్కటియే. పాఠములో లేనిదియు అదియే.

2006లో తొలిసారి వెలువడిన ఆ గ్రంథమునకు దక్కవలసిన గౌరవము దక్కవలెను. సంకోచము లేక, వెకిలితనము లేక, గర్భనిరోధమును గురించి కౌమార వయస్కులకు చెప్పుట చిన్న పని కాదు. మాత్ర అండోత్సర్గమును ఆపుననియు, గర్భాశయ ముఖమందలి జిగురును మార్చి శుక్రకణముల రాకను అడ్డగించుననియు ఆ పాఠము చెప్పినది. ఎన్ని దినములు వేసికొనవలెనో కూడ చెప్పినది. మొదటిది ఫలితము, రెండవది విధి. నోటిలో పడిన మాత్ర అండోత్సర్గమును ఆపు వరకు శరీరములో సాగించు ప్రయాణము మాత్రము విడిచిపెట్టబడినది. విధి ఎందుకు అట్లున్నదో తెలిపెడు భాగము అదియే.

ఆ ప్రయాణ మెట్టిదో చూడవలెను. మాలా-ఎన్ హార్మోను మాత్ర ఒక్కొక్కదానిలో రెండు మందులు కలవు: లెవొనార్‌జెస్ట్రెల్ 0.15 మి.గ్రా., ఇథైనైల్ ఈస్ట్రడయాల్ 0.03 మి.గ్రా. రెండవదాని మోతాదును మైక్రోగ్రాములలో చెప్పినచో 30. అనగా ఒక్క గ్రాము మందుతో ముప్పది మూడు వేలకు పైగా మాత్రలు చేయవచ్చును. ఇంత స్వల్ప పరిమాణముతో పని జరుగవలసి నప్పుడు, దారిలో ఎంత నష్టమగునన్న ప్రశ్నకు ప్రాముఖ్యము హెచ్చును.

మాత్ర జీర్ణాశయములో కరగును. మందులు చిన్న పేగుల గోడగుండ రక్తములోనికి పీల్చబడును. కాని ఆ రక్తము నేరుగా దేహమంతటికి పోదు. పేగుల నుండి వచ్చు రక్తమంతయు నిర్వాహక సిర ద్వారా ముందు కాలేయమునకు పోవలెను. ఈ జిల్లా రైతులకు నిజాంసాగరు కాలువ తెలియును. 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన ఆ జలాశయము తూము వద్ద విడిచిన నీరంతయు కాలువ చివరి మడికి చేరదు. దారిలో ఇంకునది ఇంకును, పై రైతులు పెట్టుకొనునది పెట్టుకొందురు. మందు విషయములో పేగుల గోడయు, కాలేయమును అట్టి పై ఆయకట్టు వంటివి. అందలి ఎంజైములు మందులో కొంత భాగమును అది దేహములో వ్యాపింపక ముందే మార్చివేయును. మింగినదానిలో మార్పు లేక రక్తప్రవాహమునకు చేరు భాగమును జీవలభ్యత అందురు.

ఒకే మాత్రలోని రెండు మందులకు ఈ దారిలో పట్టు గతి ఒకటి కాదు. లెవొనార్‌జెస్ట్రెల్ దాదాపు పూర్తిగా రక్తమునకు చేరును. ఇథైనైల్ ఈస్ట్రడయాల్ సగటున నూటికి 40 నుండి 45 పాళ్లు మాత్రమే చేరును. మింగిన 30 మైక్రోగ్రాములలో దేహమునకు దక్కునది సుమారు 13. మాత్ర మీద వ్రాసిన అంకెయు, రక్తములోని అంకెయు వేరని విద్యార్థి గ్రహించుటకు ఇంతకు మించిన ఉదాహరణ మక్కరలేదు.

ఆ కొద్దిపాటియైనను దక్కుట రసాయన శాస్త్రజ్ఞుల పుణ్యము. స్త్రీ శరీరములో సహజముగా తయారగు ఈస్ట్రడయాల్‌ను మింగినచో ఎక్కువ భాగము పేగులలోను కాలేయములోను చెడిపోవును. నూటికి 5 పాళ్లకు మించి దక్కుట అరుదు. 1938లో బెర్లిన్‌లోని షేరింగ్ సంస్థకు చెందిన ఇన్‌హోఫెన్, హోల్వెగ్ అనువారు ఆ అణువులో 17వ కార్బను వద్ద ఇథైనైల్ సమూహమును చేర్చిరి. దానితో కాలేయము ఆ అణువును తేలికగా విరువలేక పోయెను. నోటి ద్వారా పనిచేయు ఈస్ట్రోజెను అట్లు లభించినది. 1951లో మెక్సికో నగరమందలి సింటెక్స్ ప్రయోగశాలలో తయారైన నోరెథిస్టిరాన్ కూడ ఇట్టి ఇథైనైల్ సమూహము కలదియే. 1960లో అమెరికాలో గర్భనిరోధమునకు అనుమతి పొందిన ‘ఎనోవిడ్’ మాత్రలో ప్రొజెస్టోజెను సుమారు 10 మి.గ్రా. ఉండెడిది. నేటి మాత్రలోని 0.15 మి.గ్రా.తో పోల్చినచో, నడుమ ఎంత దూరము నడిచిరో తెలియును. గర్భనిరోధక మాత్ర చరిత్రలో అధిక భాగము కాలేయమును దాటు ఉపాయముల చరిత్రయే. పాఠములో కాలేయమన్న మాట ఈ సందర్భమున లేకుండుట వింతగా నున్నది.

రక్తమునకు చేరిన మందు ఒంటరిగా తిరుగదు. లెవొనార్‌జెస్ట్రెల్‌లో చాల భాగము కాలేయము తయారుచేయు ఒక ప్రత్యేక ప్రోటీనును, అల్బుమిన్‌ను అంటిపెట్టుకొని ఉండును. ఇథైనైల్ ఈస్ట్రడయాల్ ముఖ్యముగా అల్బుమిన్‌ను ఆశ్రయించును. విడిగానున్న కొద్ది భాగమే పని చేయును. అది మెదడు క్రిందనున్న పీయూష గ్రంథిని అణచియుంచుటచే అండాశయమునకు ఆజ్ఞలు అందవు. అండము పక్వము కాదు. ఇంతలో కాలేయము మందును కొంచెము కొంచెముగా నీటిలో కరగు రూపములకు మార్చుచుండును. అవి మూత్రము ద్వారాను, పైత్యరసముతో పేగులలోనికి పోయి మలము ద్వారాను వెడలిపోవును. పైత్యరసముతో పేగులకు వచ్చిన ఈస్ట్రోజెనులో కొంత భాగమును అక్కడి సూక్ష్మజీవులు విడదీయగా, అది మరల రక్తములోనికి పీల్చబడుటయు కలదు.

రక్తములోని మందు సగమగుటకు పట్టు కాలమును అర్ధాయువు అందురు. లెవొనార్‌జెస్ట్రెల్ అర్ధాయువు మనిషికి మనిషికి మారినను, ఉజ్జాయింపుగా ఒక దినము. ఈ ఒక్క అంకె ఇచ్చినచో ఉన్నత పాఠశాల విద్యార్థి తానే లెక్క కట్టగలడు. దినమునకొక పాలు వేయుచు, మరునాటికి అందు సగము పోవుచున్నచో, మాత్ర వేసికొన్న వెంటనే దేహములోని మొత్తము వరుసగా 1, 1½, 1¾ ... ఇట్లు పెరిగి 2 పాళ్ల వద్ద నిలకడ చెందును. మాత్రలు ఆపినచో ఒక దినమునకు సగము, రెండు దినములకు నాల్గవ వంతు, ఏడు దినములకు 128వ వంతు మిగులును. గుణోత్తర శ్రేఢికి ఇంతకంటె జీవముగల లెక్క గణితోపాధ్యాయునకు దొరకదు.

ఈ లెక్కనుండియే నియమములన్నియు పుట్టుచున్నవి. దినమున కొకటి ఏల? అర్ధాయువు ఒక దినమగుటచేత. మొదటి దినమే పూర్తి రక్షణ యేల ఉండకపోవచ్చును? మట్టము నిలకడకు వచ్చుటకును, పీయూష గ్రంథి అణగుటకును వరుసగా ఏడు మాత్రలు పట్టునని లెక్క గనుక. ఏడు దినముల విరామము ఏల చెల్లును? ఆ కాలములో పీయూష గ్రంథి మరల తలయెత్తి అండాశయములో పుటికలు పెరుగనారంభించినను, అండము విడుదలకు ముందే క్రొత్త అట్ట అందుకొనును గనుక. పదునాలుగు దినములు ఏల చెల్లవు? అందుకొనుటకు ఆలస్యమైనది గనుక. కావున మాత్రలన్నింటిలో మరువరానిది క్రొత్త అట్టలోని మొదటి మాత్ర. ఇనుము మాత్ర మరచినచో రక్తపుష్టికి లోటేగాని గర్భనిరోధమునకు కాదు. ఈ రెండు వాక్యములు పాఠములో ఉన్నచో ఇందల్వాయి వదినకు కీడు జరుగదు.

ఇట్టి వెలితియే అదే పాఠములో మరియొక చోట కలదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ రూపొందించిన ‘సహేలి’ని పాఠము క్రొత్తదనియు, వారమునకొక మాత్ర యనియు వర్ణించినది. అది విపణిలోనికి వచ్చినది 1991లో. క్రొత్తదనము ఎన్నడో తీరినది. అది అంత ముఖ్యము కాదు. అందలి సెంట్‌క్రోమన్ అను మందును మొదటి మూడు నెలలు వారమునకు రెండుసార్లు వేసికొనవలెను. ఆ పిమ్మటనే వారమున కొకటి. ప్రభుత్వ కేంద్రములలో ‘ఛాయ’ పేర నిచ్చునదియు ఇదే మందు, ఇదే విధి. మొదటి మూడు నెలల సంగతి పాఠము చెప్పలేదు. దీనికిని కారణము అర్ధాయువే. సెంట్‌క్రోమన్ అర్ధాయువు సుమారు 7 దినములు. అందుచేతనే వారమున కొకటి చాలును. అందుచేతనే మట్టము పెరుగుటకు ఎక్కువ కాలము పట్టును. అందుచేతనే ఆదిలో రెండేసి. ఒకే సూత్రముతో దినమాత్రయు వారమాత్రయు విశదమగుచుండగా, రెంటిని రెండు విడివిడి కంఠస్థ వాక్యములుగా ఒప్పగించుట బోధన అనిపించుకొనదు.

కారణము తెలియకపోవుటచే కలుగు ప్రమాదములలో మరింత పెద్దది ఇందల్వాయి పొరుగుననే కనబడును. డిచ్‌పల్లిలో 1915 ప్రాంతమున ఇసబెల్ కెర్ అను మిషనరీ వైద్యురాలు కుష్ఠు రోగులకై నెలకొల్పిన వైద్యాలయము ప్రసిద్ధము. 1980ల నుండి కుష్ఠు చికిత్సను మార్చివేసిన బహుళ ఔషధ విధానములో రిఫాంపిసిన్ ముఖ్యమైన మందు; దానిని అందు నెలకొకసారి యిత్తురు. అదే మందును క్షయ రోగులు మన దేశమున 2017 నుండి అమలైన విధానములో ప్రతి దినము, సాధారణముగా ఆరు నెలలు, వేసికొనవలెను. ఈ దైనిక చికిత్సయే ఇక్కడ గమనింపవలసినది. రిఫాంపిసిన్ కాలేయ కణములలోని ఒక గ్రాహకమును తట్టి, సి.వై.పి. 3ఎ4 అను ఎంజైమును విస్తారముగా తయారు చేయించును. గర్భనిరోధక హార్మోనులను విరుచు ఎంజైములలో ముఖ్యమైనది అదియే. కాలువ మీద పై ఆయకట్టులో ఒక్కసారిగా మోటారులు పెట్టినట్లగును. స్త్రీ దినము తప్పక మాత్ర వేసికొనుచునే యుండును. రక్తములో మందు మట్టము మాత్రము నిలువదు.

క్షయకు రిఫాంపిసిన్ వాడుచు మాత్రలు మింగుచున్న స్త్రీలలో ఋతుక్రమము తప్పుచున్నదని జర్మనీ వైద్యులు 1971లోనే తెలిపిరి; అట్టివారిలో గర్భములు వచ్చినట్లును తరువాత వెల్లడియైనది. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇట్టి స్త్రీలకు ఈ మాత్రలను సాధారణముగా సిఫారసు చేయదు. రాగి తీగ గల లూప్‌నకు గాని, మూడు నెలల డి.ఎం.పి.ఏ. ఇంజక్షనుకు గాని ఈ చిక్కు లేదు. రిఫాంపిసిన్ ఆపిన పిదప కూడ ఎంజైములు మామూలు స్థితికి వచ్చుటకు వారములు పట్టును గనుక సుమారు నాలుగు వారములు జాగ్రత్త కొనసాగింపవలెను. మూర్ఛకు వాడు ఫినటోయిన్, కార్బమజెపీన్ వంటివియు ఇట్టివే. అట్లని ప్రతి యాంటీబయోటిక్కును చూచి భయపడుట తగదు. పేగుల సూక్ష్మజీవులను చంపుటచే అన్ని యాంటీబయోటిక్కులును మాత్రను చెరచునని చాలకాలము అనుకొనిరి. రిఫాంపిసిన్ జాతి మినహా తక్కినవాని విషయములో పరిశోధనలు దానిని బలపరుపలేదు. మందు వలన వాంతి యగుట వేరు సంగతి. మాత్ర వేసికొన్న రెండు గంటలలోపు వాంతియైనచో అది పీల్చబడలేదని తలచి మరియొకటి వేసికొనవలెను.

క్షయ మందు నిచ్చువారు ఒకరు, మాత్రల నిచ్చువారు మరియొకరు. రెండు మందులును కలిసికొను చోటు ఆ స్త్రీ కాలేయ మొక్కటియే. ఆ సంగతి ఆమెకైనను తెలిసినచో, “అమ్మా, నేను ఈ మాత్రలు కూడ వాడుచున్నాను” అని ఏ.ఎన్.ఎం.తో ఒక మాట చెప్పగలదు. చెప్పుటకు తగిన జ్ఞానము పాఠము ఇయ్యవలెను.

ఇంజక్షనుల విషయములో ఈ జ్ఞానము న్యాయమునకు సంబంధించిన సంగతి కూడ అయ్యెను. నూనెలో కరగించిన నోరెథిస్టిరాన్ ఎనాంథేట్, అనగా నెట్-ఎన్, 200 మి.గ్రా. కండరములోనికి ఎక్కించినచో అక్కడ నిలువయై రెండు నెలల పాటు మెల్లగా రక్తములోనికి ఊరుచుండును. పేగులను తప్పించుకొనును గనుక తొలి విడత నష్టము లేదు. దినదినము జ్ఞాపకముంచుకొను బాధయు లేదు. కాని మాత్ర పడనిచో మరునాడు మానవచ్చును. ఎక్కించిన ఇంజక్షనును వెనుకకు తీయుట సాధ్యము కాదు. ఈ భేదమే సమ్మతికి అంత విలువ తెచ్చుచున్నది. 1985లో నాటి మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నెట్-ఎన్ ప్రయోగమునకు స్త్రీలను చేర్చుకొనుచున్నట్లు హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన దృష్టికి వచ్చెను. అది ప్రయోగమన్న సంగతి ఆ స్త్రీలకు తెలుపబడలేదని సంఘటన వారు ఆక్షేపించి, ఇతర మహిళా సంఘములతో కలసి 1986లో సుప్రీంకోర్టులో వ్యాజ్యము వేసిరి. 2000లో ఆ వ్యాజ్యము ముగియునాటికి, నెట్-ఎన్‌ను కుటుంబ నియంత్రణ కార్యక్రమములో మూకుమ్మడిగా వాడుట తగదని ప్రభుత్వమే ఒప్పుకొనెను. 2017 నుండి ‘అంతర’ పేర ప్రభుత్వ కేంద్రములలో నిచ్చుచున్న డి.ఎం.పి.ఏ. వేరు మందు, ప్రయోగ దశలోనిది కాదు. ఐనను అదియు కండరములో నిలువయుండునదే; ఆపిన పిదప గర్భధారణ శక్తి మరలుటకు పలు నెలలు పట్టవచ్చును. ఆ సంగతి ముందుగా తెలిసి ఒప్పుకొనుటకును, తెలియక చేయి చాపుటకును ఎంతో భేదము కలదు.

“ఉన్నత పాఠశాల పిల్లలకు ఇంత వివర మేల?” అని కొందరడుగవచ్చును. వివరము హెచ్చు కాలేదు; చోటు మారినది, అంతే. పేగుల పీల్పు జీర్ణక్రియ పాఠములో కలదు. కాలేయము, పైత్యరసము కూడ అచటనే కలవు. మూత్రపిండములు విసర్జన పాఠములో, పీయూష గ్రంథి నియంత్రణ పాఠములో, శ్రేఢులు గణితములో కలవు. ఉపాధ్యాయుడు చేయవలసినదెల్లను ఈ పాఠముల నడుమ గోడలను తీసి, ఒక చిన్న మాత్రను వాని గుండ నడిపించుటయే. అది గర్భనిరోధక మాత్ర అని చెప్పుటకు మొగమాటమైనచో, జ్వరపు మాత్రతో ఆరంభింపవచ్చును, దారి అదే.

మరియొక మాట కూడ విద్యార్థికి తెలుపదగియున్నది. ఈ అంకెలన్నియు సగటులు. ఒకరి కాలేయము మరియొకరి కాలేయము వంటిది కాదు. మాత్రలు మొదట పరీక్షింపబడినది పరదేశ స్త్రీలపై; మన పేద స్త్రీల దేహము, తిండి వేరు. 1958లో కూనూరు నుండి హైదరాబాదునకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ యని పేరొందిన పరిశోధనాలయములో 1970లలో శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్ననే చేపట్టిరి. తక్కువ ఆదాయము గల స్త్రీల రక్తములో లెవొనార్‌జెస్ట్రెల్ ఎట్లు చరించునో, మాత్రలు వాడువారిలో విటమినుల స్థితి ఎట్లుండునో పరిశీలించిరి. ఇంత సమీపమున జరిగిన పని మన పాఠములలో ఒక వాక్యమైనను కాకుండుట విచారకరము.

పాఠ్యగ్రంథమునకు తిరిగి ముద్రణ జరుగు వరకు వేచియుండ నక్కరలేదు. నల్లబల్ల మీద నాలుగు మాటలు వ్రాసిన చాలును: పీల్పు, కాలేయము, అర్ధాయువు, ఇతర మందులు. వాని క్రింద ఒక మాలా-ఎన్ అట్ట బొమ్మ గీసి, “ఇందు హార్మోను లేని మాత్రలు ఏవి? క్రొత్త అట్ట ఏనాడు ఆరంభింపవలెను?” అని అడిగినచో, జవాబు చెప్పగలిగిన పిల్ల ఇంటికి పోయి వదినతో విరామమని చెప్పదు, ఇరువది ఎనిమిదవ మాత్ర అయిన మరునాడే క్రొత్త అట్ట విప్పుమని చెప్పును.